ఆరుబయట ఆరడుగుల బొమ్మ: ఫైబరా, సిమెంటా, తుక్కా, కంచా?

పాలవెల్లి

అందరికీ నమస్తే. విశాఖలో సముద్రానికి అర కిలోమీటరు దూరంలో ఒక గ్రంథాలయం ఆవరణలో పెట్టాల్సిన బొమ్మ ఇది. వల ఆరేస్తున్న మత్స్యకార స్త్రీ. ఎత్తు ఆరడుగులు, కింద మూడడుగుల దిమ్మె. కుడిచెయ్యి తలకన్నా పైకి చాచి ఉంటుంది. ఆ చేతిలోంచి వల జారి పాదాల దాకా వస్తుంది. అడుగున్నర మట్టి నమూనా ఖాయమైంది, నిలువెత్తు మట్టిబొమ్మ మొదలవబోతోంది. ఏ పదార్థంలో పోయాలో ఇంకా తేలలేదు. కమిటీ వాళ్లు "ఫైబర్‌లో పోసి కంచురంగు కొట్టేస్తే చాలు" అంటున్నారు.

పాతికేళ్లు నిలవాలి. ఏటా ఒకటి రెండుసార్లకు మించి సంరక్షణ ఉండదు. ఆ ఉప్పుగాలికి ఏది తట్టుకుంటుంది? బరువు ఎంత వస్తుంది? వలని దేనితో చేయాలి? కొలతలతో చెప్పగలిగితే మేలు.

నారజిగురు

ఫైబర్ సంగతి చెప్తాను. చీర కుచ్చెళ్లు, కొంగు కలుపుకుని ఆరడుగుల బొమ్మ ఉపరితలం సుమారు 3 చదరపు మీటర్లు అనుకోండి. చదరపు మీటరుకు 450 గ్రాముల చాప్డ్ స్ట్రాండ్ మ్యాట్ (తరిగిన గాజునార చాప) ఒక పొర వేస్తే దాదాపు 1 మి.మీ. మందం వస్తుంది. మూడు పొరలు కావాలి. మ్యాట్ 4 కిలోలు, దానికి రెండుంపావు రెట్లు లెక్కన రెసిన్ 9 కిలోలు, జెల్‌కోట్ (అచ్చులో మ్యాట్ కన్నా ముందు పూసే చిక్కటి రెసిన్ పొర) మరో 2 కిలోలు. చట్రం కాక బొమ్మ 15 కిలోలే. మీ చోటికి మామూలు జనరల్ పర్పస్ రెసిన్ వద్దు. ఐసోఫ్తాలిక్ పాలియెస్టర్ తీసుకోండి, తేమకు బాగా ఆగుతుంది.

అచ్చు ప్లాస్టర్‌ది అయితే పూర్తిగా ఆరాలి. పైకి ఆరినట్టే కనిపించి లోపల చెమ్మ ఉంటుంది. ఆ చెమ్మ మీద రెసిన్ సరిగా గట్టిపడదు, అచ్చుకు కరుచుకుపోతుంది. ఆరాక చంద్రస్ వార్నిషు రెండుసార్లు పూసి, మైనం పాలిష్ నాలుగుసార్లు పట్టించి, బొమ్మ అచ్చుని వదిలి రావడానికి దాని మీద పీవీఏ పొర ఒకటి కొట్టాలి.

జెల్‌కోట్ అర మిల్లీమీటరు. ఫైబర్‌లో సగం పని చెడేది ఇక్కడే. పలచగా వేస్తే అది సరిగా ముదరదు. దానిమీద మొదటి మ్యాట్ పొర రెసిన్ పడగానే అందులోని స్టైరీన్ అనే ద్రావకం జెల్‌కోట్‌ను కొరికేస్తుంది. అచ్చు విప్పి చూస్తే మొసలి చర్మంలా ముడతలు. చదరపు మీటరుకు 500 నుంచి 600 గ్రాములు పడిందో లేదో తూకం వేసి చూసుకోండి. కంటి అంచనా పనికిరాదు. వేలు పెడితే జిడ్డుగా తగలాలి కాని వేలికి అంటకూడదు. మొదటి మ్యాట్ వేయడానికి అదే సమయం. రంగు పేస్టు పదో వంతు మించినా జెల్‌కోట్ ముదరదు.

హార్డెనర్ (రెసిన్‌ని గట్టిపరిచే ద్రవం) కిలో రెసిన్‌కు 15 గ్రాములు, అంటే దాదాపు 13 మి.లీ. మే నెల ఎండలో 10 గ్రాములకు తగ్గించవచ్చు. అంతకన్నా తగ్గిస్తే ఎన్నాళ్లకీ పూర్తిగా గట్టిపడక మెత్తగానే ఉండిపోతుంది. ఒకేసారి కిలోన్నర మించి కలపకండి, బకెట్‌లోనే వేడెక్కి పొగ వస్తుంది. కోబాల్ట్ (గట్టిపడడాన్ని వేగం చేసే ద్రవం) విడిగా కొంటే ముందు రెసిన్‌లో బాగా కలిపాకే హార్డెనర్ పొయ్యాలి. కోబాల్ట్, హార్డెనర్ రెండూ నేరుగా కలిస్తే పేలతాయి. సీసాలు కూడా ఒకే అరలో పెట్టకండి. ఆర్గానిక్ వేపర్ క్యాట్రిడ్జ్ ఉన్న మాస్క్ తప్పనిసరి. గుడ్డ కట్టుకుంటే స్టైరీన్ ఆగదు.

పొర పొరకీ రోలర్‌తో గాలి బుడగలు తీయాలి. ముక్కు కొన, చెవి తమ్మె, వేళ్ల సందుల్లో మ్యాట్ దిగదు. అక్కడ ముందే రెసిన్‌లో సిలికా పొడి, తరిగిన నార కలిపిన ముద్ద నింపి, గుంటని గుండ్రంగా చేసి, ఆపైన మ్యాట్ వేయాలి. లేకపోతే ఆ మూలల్లో జెల్‌కోట్ వెనక ఖాళీ మిగిలి, మొదటి ఎండాకాలానికే గుడ్డు పెంకులా పగులుతుంది. అచ్చులో రెండు రోజులు ఉంచండి, తొందరపడి తీస్తే చాచిన చెయ్యి వంగిపోతుంది.

పాతరాయి

నారజిగురు గారి వివరం బాగుంది. అయితే పాలవెల్లి గారూ, మీరు పదార్థం ఏదని అడుగుతున్నారు, మొదట అడగాల్సింది లోపలి కడ్డీ ఏదని. ఆరుబయటి బొమ్మ నడిమధ్యలో చెడదు, రెండు పదార్థాలు కలిసే చోట చెడుతుంది.

పార్థెనాన్ చూడండి. పూర్వం గ్రీకులు పాలరాళ్లను ఇనప కమ్మీలతో బిగించి, కమ్మీల చుట్టూ సీసం పోశారు. అవి వేల ఏళ్లు ఆగాయి. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో బలానోస్ అనే ఇంజనీరు మరమ్మతు చేస్తూ సీసం తొడుగు లేకుండా ఇనుము పెట్టాడు. అది తుప్పుపట్టి ఉబ్బి పాలరాతిని చీల్చేసింది. ఇప్పుడు ఆ కమ్మీలు తీసి టైటానియం పెడుతున్నారు.

న్యూయార్క్ లిబర్టీ విగ్రహంలోనూ అదే కథ. పైన రాగి రేకు, లోపల ఇనప పట్టీలు, మధ్యలో లక్క పట్టించిన ఆస్బెస్టాస్. ఆ మధ్యపొర పాడై, నీళ్లు దిగి, రాగి పక్కన ఇనుము తినేసుకుపోయింది. 1984–86 మరమ్మతుల్లో పట్టీలు తీసి 316ఎల్ (ఉప్పుకు బాగా ఆగే రకం) స్టెయిన్‌లెస్ వేసి, రాగికీ దానికీ మధ్య టెఫ్లాన్ పెట్టారు.

అంటే రాయీ తప్పు కాదు, రాగీ తప్పు కాదు. కాబట్టి ఫైబరయినా, సిమెంటయినా, కంచయినా లోపల మామూలు ఎం.ఎస్. (మైల్డ్ స్టీల్) కడ్డీ పెట్టనని ముందు రాసుకోండి.

ఉప్పుగాలి

పాతరాయి గారి మాటకు ఇంకొకటి కలుపుతాను: ఎండకు సాగడం. డిగ్రీకి మీటరుకు ఉక్కు 12 మైక్రాన్లు సాగుతుంది, కాంక్రీటు 10–12, స్టెయిన్‌లెస్ 16–17, కంచు 18, మ్యాట్ ఫైబర్ 25–30. కాంక్రీటుకు ఉక్కు అచ్చొచ్చింది అందుకే. రెండు మీటర్ల ఫైబర్ తొడుగుని ఉక్కు పైపుకి పైనుంచి కిందిదాకా రెసిన్‌తో అతికించేస్తే, తెల్లవారుజాముకీ మధ్యాహ్నానికీ తొడుగు ఉపరితలంలో 40 డిగ్రీల తేడా ఉన్నప్పుడు రెంటి మధ్య ఒక మిల్లీమీటరుకు పైనే పెనుగులాట. రోజూ అదే. చివరికి పైన జుట్టుపోగు లాంటి పగులు, అందులోంచి ఉప్పునీరు.

కాబట్టి ఫైబర్ అయితే పాదాల దగ్గర గట్టిగా కట్టండి, నడుము దగ్గర, భుజం దగ్గర పైపు జారే తొడుగులోంచి పోనివ్వండి. షికాగోలో అనీష్ కపూర్ చేసిన క్లౌడ్ గేట్ అనే శిల్పంలో 168 స్టెయిన్‌లెస్ పలకలు అతుకు కనపడకుండా వెల్డ్ చేసి పాలిష్ పట్టారు. ఆ పైచర్మాన్ని కూడా లోపలి చట్రానికి కదలకుండా బిగించలేదు, ఎండకు సాగే వీలుంచి పట్టుకున్నారు.

ఇక గాలి. గాలి ఒత్తిడికి మన దేశ ప్రమాణం ఐఎస్ 875 మూడో భాగం ప్రకారం హైదరాబాదుకు మూల గాలివేగం సెకనుకు 44 మీటర్లు, విశాఖకు 50. ఒత్తిడి 0.6 పెట్టి వేగం వర్గంతో గుణిస్తే చదరపు మీటరుకు 1,500 న్యూటన్లు. బొమ్మ ముఖాన గాలి తగిలే వైశాల్యం 0.8 చ.మీ., ఆకార గుణకం 1.2 వేసుకుంటే 1,440 న్యూటన్లు, సుమారు 145 కిలోల తోపు. అది 90 సెం.మీ. ఎత్తున పనిచేస్తుంది కాబట్టి పడదోసే శక్తి 130 కిలోగ్రామ్-మీటర్లు. బొమ్మ 40 కిలోలు ఉండి, పాదపీఠం అరవెడల్పు 30 సెం.మీ. అయితే బరువు వల్ల వచ్చే పట్టు 12 మాత్రమే. మిగిలినదంతా బోల్టులూ, కాళ్లలోని పైపులూ మోయాలి. వల చేరితే ఇంకా పెరుగుతుంది.

ఒక్కో కాలిలో ఒకటిన్నర అంగుళం షెడ్యూల్ 40 గోడమందం ఉన్న 316ఎల్ పైపు. 12 మి.మీ. పలక. 16 మి.మీ. 316 బోల్టులు నాలుగు, 40 సెం.మీ. చదరంలో, దిమ్మె కాంక్రీటులోకి 30 సెం.మీ. దిగాలి. దిమ్మె కట్టాక రంధ్రాలు చేసి పెట్టడం కన్నా, పలక కొలతకి చెక్క మూస చేసి బోల్టులు ముందే కాంక్రీటులో పోసుకోవడం మేలు. ఇది మొరటు లెక్క, స్ట్రక్చరల్ ఇంజనీరు సంతకం తప్పక తీసుకోండి.

తుక్కుబండి

తుక్కు పేరు శీర్షికలోనే ఉంది, ఎవరూ మాట్లాడట్లేదు. తెనాలిలో నట్లు, బోల్టులు, గొలుసులు, బేరింగులతో నిలువెత్తు బొమ్మలు చేసే శిల్పశాల ఉందని అందరికీ తెలుసు. చక్కటి పని. అయితే సముద్రం పక్కన పాతికేళ్లంటే తుక్కు వద్దనే చెప్తాను. ఆ పద్ధతిలోనే అతుకులు ఎక్కువ. ప్రతి నట్టు కిందా నీళ్లు నిలిచే ఒక సందు, పాతరాయి గారు చెప్పిన జబ్బు వెయ్యి చోట్ల.

లోపలి ఊళ్లలో చేసేవాళ్లకి పనికొచ్చేవి చెప్తాను. ముందు తుక్కుని జాతులుగా విడదీయండి. పానాలు, కడ్డీలు మామూలు ఉక్కు, 6013 వెల్డింగ్ రాడ్‌తో అతుకుతాయి. గేర్లు, బేరింగు రింగులు, కమాన్‌కట్టలు కార్బన్ ఎక్కువున్న ఉక్కు. చల్లగా ఉండగా అతికిస్తే వెల్డు పక్కనే గాజులా టప్పున విరుగుతాయి. 200 డిగ్రీలకు పైన వేడిచేసి, ఓవెన్‌లో ఆరబెట్టిన 7018 రాడ్‌తో అతికి, బూడిదలో కప్పి నెమ్మదిగా చల్లారనివ్వాలి. బ్రేక్ డ్రమ్ములు, పాత పంపు బాడీలు పోత ఇనుము, వాటికి నికెల్ రాడ్. అంగుళం అతికి, వేడి మీదే సుత్తితో సన్నగా తట్టి, ఆగి మళ్లీ అంగుళం. పోత ఇనుమేనా అని అనుమానముంటే గ్రైండర్ పెట్టి చూడండి. దాని నిప్పురవ్వలు పొట్టిగా, ఎర్రగా పడతాయి. కార్బన్ ఉక్కువి తెల్లగా చిటపటమని కొమ్మలు వేస్తాయి.

జింకు పూత ఉన్న పైపులు గీకకుండా వెల్డ్ చేస్తే ఆ తెల్ల పొగకి ఆ రాత్రే చలిజ్వరం వస్తుంది. బండి షాక్ అబ్జార్బర్లు, మూసిన సిలిండర్లు, పెట్రోలు ట్యాంకుల మీద కట్టర్ పెట్టకండి. లోపల ఒత్తిడో ఆవిరో ఉంటుంది, ప్రాణం పోతుంది.

ఇనుము రంగు కనపడాలని పైన క్లియర్ లక్క కొడుతుంటారు. ఆరుబయట అది ఒకటి రెండు వానాకాలాలే. లక్క కింద తుప్పు పురుగులా దారులు చేసుకుపోతుంది, ఆ దశలో గీకడం కూడా కష్టం. జింక్ రిచ్ ప్రైమర్, ఇపాక్సీ, పైన పీయూ (పాలీయురేథేన్) రంగు, లేదా హాట్ డిప్ గాల్వనైజింగ్ (కరిగిన జింకులో ముంచడం). రెండూ ఇష్టం లేకపోతే గదిలో పెట్టి మైనం పూయండి.

పాలవెల్లి

తుక్కుబండి అన్నా, సూటిగా చెప్పారు, ధన్యవాదాలు. కోర్టెన్ స్టీలు (పైన కట్టిన తుప్పే కాపాడే ఉక్కు) గురించి కూడా ఒకరు సూచించారు. శిల్పి రిచర్డ్ సెర్రా నిలబెట్టిన కోర్టెన్ పలకలు పదుల ఏళ్లుగా రంగు లేకుండానే నిలిచాయి కదా?

ఉప్పుగాలి

కోర్టెన్‌కు తడి–పొడి, తడి–పొడి వరస కావాలి. అప్పుడే పైన దట్టమైన తుప్పుపొర కట్టి, లోపలికి గాలి పోకుండా ఆపుతుంది. ఉప్పుగాలిలోని క్లోరైడు ఉన్నచోట ఆ పొర గట్టిపడదు, రేకులు రేకులుగా ఊడుతూనే ఉంటుంది. పైగా మొదటి రెండు మూడు వానాకాలాలు ఎర్రనీరు దిమ్మె మీదకి కారుతుంది. లేత రంగు గ్రానైటు దిమ్మె అయితే ఆ మరక వదలదు. మీకు వద్దు.

స్టెయిన్‌లెస్ తీసుకున్నా మామూలు 304 రకానికి బీచ్‌లో టీ మరకల్లాంటి మచ్చలు వస్తాయి, 316ఎల్ కావాలి. దాన్ని మామూలు ఇనుము కోసిన గ్రైండింగ్ రాయితో ముట్టుకోకండి. ఆ రాయిలోని ఇనుపరజను గుచ్చుకుని, స్టెయిన్‌లెస్ మీదే తుప్పు చుక్కలు లేస్తాయి. "316 అని చెప్పి 304 అంటగట్టారు" అనే గొడవల్లో చాలావాటికి కారణం ఆ రాయే. వెల్డ్ చేసిన ప్రతిచోటా నీలిరంగు పోయేదాకా పిక్లింగ్ పేస్ట్ (మరకని తినేసే ఆమ్లపు ముద్ద) పట్టించి, మంచినీళ్లతో కడగాలి.

మైనంముద్ద

కంచు గురించి ఎవరూ చెప్తలేరు కాబట్టి నేను చెప్త. మూడు చదరపు మీటర్లు, మందం 5 మి.మీ. అంటే లోహం 130 కిలోలు. గేట్లు (కంచు లోపలికి పోయే దారులు), రైజర్లు (గాలి బయటికి పోయే దారులు) కలుపుకుని కరగబెట్టేది ఇంకా ఎక్కువ ఉంటది. ముందు మైనంతోని బొమ్మ చేసి, చుట్టూ అచ్చు కట్టి, మైనం కరగబెట్టి తీసిన ఖాళీలనే కంచు పోస్తరు. ఆ మైనం బొమ్మను గేట్లతోని సహా తూచి పదింతలు చెయ్యాలె, అంత కంచు మూసల, అంటే కరగబెట్టే కుండల, ఉండాలె. తక్కువ పడితే పోత మధ్యలనే ఆగుతది, ఆ ముక్క మళ్లీ మొదటినుంచే.

కంచు చల్లారంగ నూటికి ఒకటిన్నర, రెండు వంతులు కుంచించుకపోతది. కొలత ఖచ్చితంగ ఆరడుగులే కావాలంటే మట్టిబొమ్మను మూడు సెంటీమీటర్లు ఎత్తు చేసుకోండ్రి. బొమ్మను ఆరు నుంచి ఎనిమిది ముక్కలు కోసి పోస్తరు. ముక్కలు ఎక్కడ కొయ్యాల్నో మట్టి దశలనే గీసుకుంటే మంచిది. చీర మడత అంచుల కోస్తే అతుకు దాగుతది, చెంప మీద, చేతి నున్నటి భాగంల కోస్తే జీవితమంత కనపడుతది.

బొమ్మ బోలుగ రావడానికి లోపల నింపే గుజ్జు నిలవడానికి గుచ్చే మేకులు, కోర్ పిన్నులు, ఇనుపవి అయితే పోత అయినంక ఒక్కటి కూడ మిగలకుండ పీకి, ఆ రంధ్రాన్ని అదే కంచుతోని పూడ్వాలె. మిగిలిన మేకు రెండేండ్లకు పచ్చటి పాటినా (కంచు మీది రంగుపొర) మీద ఎర్రటి కన్నీరు లెక్క కారుతది. లోపలి గుజ్జు కూడ మొత్తం తియ్యాలె. ప్లాస్టర్ గుజ్జు నీళ్లు పీల్చి ఉప్పును దాచిపెట్టుకుంటది.

అచ్చు కాల్చేటప్పుడు తొందర పనికిరాదు. ప్లాస్టర్, ఇటుకపొడి కలిపిన అచ్చు అయితే రెండు రోజులకు తక్కువ కాకుండ మెల్లగ వేడి పెంచాలె. అడుగున తడి మిగిలితే 1,100 డిగ్రీలు దాటిన కంచు తగలంగనే ఆవిరై లోహాన్ని పైకి చిమ్ముతది.

ఇంకొక ముఖ్యమైన మాట. చాలా చోట్ల "కంచు" అంటరు కాని పోసేది ఇత్తడి. జింకు ఎక్కువున్న ఇత్తడి ఉప్పుగాలికి జింకు కోల్పోయి, ఎర్రటి గుల్ల రాగి మిగులుతది. ఒప్పంద పత్రంలనే ఎల్‌జీ2 గన్‌మెటల్ అని రాయించండ్రి. రాగి 85, తగరం 5, జింకు 5, సీసం 5. లేకపోతే సిలికాన్ కంచు. అది వెల్డుకు ఇంకా అనువు. ముక్కలు వచ్చినంక ఎక్స్‌ఆర్‌ఎఫ్ గన్‌తోని (లోహంల ఏమేమి ఎంత ఉందో చూపే పరికరం) ప్రతి ముక్కను చూపియ్యమనండ్రి, ఐదు నిమిషాల పని.

ఆదిలాబాద్ దిక్కు ఓజా పనోళ్లు చేసే డోక్రా అనే లోహపు పోతల మట్టి గుజ్జు మీద మైనపు దారాలు చుట్టి పోస్తరు. 2018ల దానికి జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు వచ్చింది. శిల్పి మీరా ముఖర్జీ బస్తర్‌ల ఇట్లాంటి పనోళ్ల దగ్గర నేర్చుకుని, అదే మైనపు పట్టీల పద్ధతిని నిలువెత్తు కంచు బొమ్మలకు తీసుకపోయింది. ఆమె బొమ్మల మీద ఆ దారాల గుర్తులు దాచలేదు. మీ వలకు ఆ పద్ధతి ఆలోచించండ్రి. మైనపు దారాలనే వల లెక్క అల్లి కంచుల పోస్తే, వల, చెయ్యి ఒక్కటే లోహం అయితది. రెండు లోహాలు కలిసే గొడవే ఉండదు.

సారెమట్టి

సిమెంటు మీద చిన్నచూపు వద్దు. శాంతినికేతన్‌లో శిల్పి రాంకింకర్ బైజ్ 1938లో చేసిన, నడిచిపోతున్న 'సంథాల్ కుటుంబం' బొమ్మలు ఎర్రమొరం గులకరాళ్లు కలిపిన సిమెంటే. ఆ నేలరంగు, ఆ గరుకు ఆ మనుషులకి సరిపోయాయి. కంచులో ఆ నడక రాదు.

ఫెర్రో సిమెంటుగా చేస్తే: 8 మి.మీ. కడ్డీల చట్రం, దానికి రెండు వైపులా కోళ్లజాలీ రెండేసి పొరలు, ఒకటికి రెండు పాళ్ల సిమెంటు–ఇసుక, నీళ్లు సిమెంటు బరువులో 0.4 నుంచి 0.45. ముద్ద జాలీలోంచి వెనక్కి పొడుచుకుని రావాలి. వెనక ఖాళీ ఉంటే అక్కడే చెమ్మ చేరుతుంది. 25 మి.మీ. మందానికి 180 కిలోలు, చట్రంతో 200 దాటుతుంది. గోనెసంచులు కప్పి 14 రోజులు తడపాలి. నీళ్లు ఎక్కువ కలిపితే చేతికి హాయిగా ఉంటుంది, కాని ఆరాక సూదిరంధ్రాలు మిగులుతాయి.

విశాఖకి సమస్య వేళ్ల దగ్గర. కడ్డీ మీద తగినంత సిమెంటు కప్పు ఉండాలి. వేలు మొత్తం మందమే 20 మి.మీ. ఉంటుంది. కడ్డీ తుప్పుపడితే దాని పరిమాణం రెండు నుంచి ఆరు రెట్లు అవుతుంది, వేలు చిట్లుతుంది. అందుకే చేతుల వరకు స్టెయిన్‌లెస్ తీగ వాడండి. సముద్రపు ఇసుక ఒక్క గమేళా కూడా వద్దు. చాచిన చెయ్యి ఉన్న ఈ భంగిమకి సిమెంటు అంత సహజం కాదనే నా అభిప్రాయం. కూర్చున్న మనిషి అయితే సిమెంటే అనేదాన్ని.

కాల్చిన మట్టి గురించి అడుగుతారేమో: ఆరడుగులు ఒక్క ముక్కగా అవదు. ముక్కలుగా చేసి పేర్చినా ఈ చెయ్యి నిలవదు.

నారజిగురు

కమిటీ అన్న "కంచురంగు ఫైబర్" మీద ఒక మాట. ఫైబర్‌ని కంచులా చూపించడమే దానికి అన్యాయం. సూర్యాపేటలో పుట్టి విశాఖ ఆంధ్రా యూనివర్సిటీలో పాఠం చెప్పిన జి. రవీందర్ రెడ్డి గారి స్త్రీమూర్తుల తలలు చూడండి. పాలియెస్టర్ ఫైబర్‌గ్లాసే. దాని మీద నిండు రంగులు, బంగారు రేకు, కొప్పులో పూలు, విప్పారిన కళ్లు. ఆ నున్నటి నిగనిగ, ఆ నిండుదనం ఫైబర్ ఇచ్చినవే. కంచుని అనుకరిస్తే మొదట మోసపోయేది కన్ను కాదు, చెయ్యి. తట్టి చూస్తే డొల్ల శబ్దం వస్తుంది.

ఆచరణలో కూడా ముదురు రంగు చెడ్డది. ముదురు గోధుమరంగు కొడితే వేసవి మధ్యాహ్నం ఉపరితలం 60 డిగ్రీలు దాటుతుంది. ఆ వేడికి రెసిన్ మెత్తబడి లోపలి మ్యాట్ అల్లిక పైకి అచ్చుపడుతుంది. ఫైబర్ అయితే లేత రంగో, నిండు రంగో వేసి, పైన యూవీ ఆపే పీయూ క్లియర్ రెండుసార్లు కొట్టండి. ఐదారేళ్లకోసారి ఆ పొర గీకి మళ్లీ కొట్టాలి. ఆలస్యమైతే రెసిన్ సుద్దలా పొడిబారి, నార వెంట్రుకల్లా బయటికి లేస్తుంది.

మైనంముద్ద

నారజిగురు అన్న చెప్పింది వంద పాళ్లు నిజం. కాని పాతికేండ్లు, ఏటా ఒకటి రెండుసార్లే చూసుకునుడు అన్నరు కదా. ఐదేండ్లకోసారి పీయూ కొట్టే బడ్జెట్ ఏ కమిటీ గుర్తుపెట్టుకుంటది? కంచుకు ఏటా రెండుసార్లు మంచినీళ్లు, మైనం చాలు. మంచినీళ్లతోని ఉప్పు కడిగి, పూర్తిగ ఆరినంక, ఎండకు వెచ్చబడ్డ లోహం మీద మైనం పల్చగ రుద్ది గుడ్డతోని మెరుగు పెట్టాలె. తడి మీద మైనం పూస్తే ఉప్పును లోపల సీలు వేసినట్టే. ఆకుపచ్చ పొడి చుక్కలు చుక్కలుగ లేస్తే క్లోరైడు మొదలైనట్టు. ఆ చోటును వెంటనే పట్టించుకోవాలె, మొత్తం బొమ్మ కోసం ఆగొద్దు.

పాలవెల్లి

మీ మాటలన్నీ పెట్టుకుని లెక్క వేస్తే ఒళ్లు కంచులో, ఎల్‌జీ2 అనే దగ్గరికి వస్తోంది. వల మాత్రం అనుమానం. వల మొత్తం కంచులో పోస్తే గట్టిగా, బరువుగా, కంచెలా ఉంటుందేమో. గాలికి కొంచెం కదిలితేనే అది వల. శిల్పి మృణాళినీ ముఖర్జీ జనపనార ముడులతో చేసిన పెద్ద రూపాలు మనసులో ఉన్నాయి. అలాంటి తాడు ఏదైనా ఆరుబయట నిలుస్తుందా?

పాతరాయి

నార బయట నిలవదు. మృణాళినీ గారి పనులు లోపలి గదులకి చేసినవి, తేమ, వెలుతురు అదుపులో ఉంచి చూసుకుంటారు. కొత్త పదార్థాలు ఎక్కువ కాలం ఉంటాయన్న భరోసా కూడా లేదు. శిల్పి ఎవా హెస్సే 1969లో రబ్బరుపాలు పూసిన గుడ్డ, ఫైబర్‌గ్లాస్ గుంజలతో చేసిన ఎక్స్‌పాండెడ్ ఎక్స్‌పాన్షన్ అనే శిల్పంలో రబ్బరు గట్టిపడి గోధుమరంగుకి తిరిగింది. చాలా ఏళ్లు బయటపెట్టలేకపోయారు, సంరక్షించి 2022లో న్యూయార్క్ గూగెన్‌హైమ్ మ్యూజియంలో మళ్లీ చూపారు. పక్కనున్న ఫైబర్‌గ్లాస్ నిలిచింది, రబ్బరు నిలవలేదు.

నైలాను వల నిజమైనదే వేలాడదీస్తే ఎండకి చచ్చుబడుతుంది. ఏటా మార్చే ఉద్దేశంతో, ఊళ్లోని మత్స్యకారులే ఏటా కొత్త వల తెచ్చి వేసే పద్ధతి పెడితే అది వేరే రకం పని, దానికీ విలువ ఉంది. అలా కాకపోతే లోహపు తీగే.

ఉప్పుగాలి

ఘనా శిల్పి ఎల్ అనాత్సుయి సీసా మూతల్ని రాగితీగతో కుట్టి గుడ్డలా జారే తెరలు చేస్తాడు. లోహం మెత్తగా వేలాడగలదని చూపించడానికి అంతకన్నా మంచి ఉదాహరణ లేదు. కాని కంచు చేతిలో పెట్టే వల కాబట్టి ఈ చోటికి నా సూచన 316 స్టెయిన్‌లెస్ మెత్తటి తీగతాడు, 2 మి.మీ., ఏడు పాయలు ఏడు తీగలది. నిజమైన వలలాగే ముడి వేయాలి, వెల్డ్ చేయకూడదు. వెల్డ్ చేసిన కూడలి బిర్రబిగుసుకుని, గాలికి ఊగి ఊగి అలసి అక్కడే తెగుతుంది. ముడి జారకుండా 316 ఫెర్రూల్ (చిన్న లోహపు గొట్టం) ఒకటి నొక్కండి. కన్ను 10 సెం.మీ. కన్నా చిన్నది వద్దు. చిన్న కళ్లలో ప్లాస్టిక్ కవర్లు, ఆకులు ఇరుక్కుని తుఫాను రోజున వల తెరచాప అవుతుంది.

కంచు చేతికి తీగ నేరుగా తగలకూడదు. అరచేతిలో ముందే 12 మి.మీ. రంధ్రం పోసుకుని, అందులో నల్ల అసిటాల్ (గట్టి ప్లాస్టిక్) బుష్ దింపి, తీగ బుష్‌లోంచే పోవాలి. తీగ బరువు, గాలి లాగుడు చేతి మీద పడకుండా లోపల ముంజేతిలోంచి భుజం దాకా 25 మి.మీ. స్టెయిన్‌లెస్ గొట్టం పోనివ్వండి. ఆ గొట్టం కూడా కంచుకి నైలాన్ బిళ్లల మీదే ఆనాలి. కింద వల అంచు దిమ్మెకి కట్టేయకండి, చివర రెండు చోట్ల చిన్న కంచు గుండ్లు కట్టి వదిలేస్తే ఊగి తనకు తాను సర్దుకుంటుంది. ఆ గుండ్లకి కూడా బుష్‌లు మరవకండి.

పాలవెల్లి

ఇది చాలా స్పష్టంగా ఉంది. చివరి అనుమానం: ఒళ్లు బోలుగా ఉంటే లోపల చేరిన నీళ్లు ఎటు పోతాయి? అతుకులన్నీ వెల్డ్ చేస్తాం కదా.

మైనంముద్ద

వెల్డ్ ఎంత మంచిగ ఉన్నా లోపల చెమ్మ చేరుతది. పగలు గాలి వేడికి సాగి బయటికి పోతది, రాత్రి చల్లారి తేమగాలిని లోపలికి గుంజుకుంటది. అందుకే పూర్తిగ మూసుడు కన్నా దారి పెట్టుడు మంచిది. ఒక్కో కాలుకు ఒకటి, మడమ వెనక, పాదం అడుగు కంటే కొంచెం పైన 10 మి.మీ. రంధ్రం. పైన కొప్పు కింద, కంటికి కనపడని చోట 6 మి.మీ. రంధ్రం ఇంకొకటి, జాలీ పెట్టి. లేకపోతే కందిరీగలు గూడు కడతయి.

పలక మీద నీళ్లు నిలవకుండ దిమ్మె పైభాగం వెనకకు రెండు డిగ్రీలు వాలు ఉంచండ్రి. పాటినా చేసేటప్పుడు, మైనం పూసేటప్పుడు ఆ మడమ రంధ్రాలు పూడుకపోతయి. ప్రతిసారి ఒక వెదురు పుల్ల పెట్టి పొడిచి, పైనుంచి మగ్గెడు నీళ్లు పోసి, రెండు మడమల నుంచి ధార వస్తుందో లేదో చూడండ్రి.